మాయమైనవాళ్ళ పట్టిక

శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా నా చాప్టరు యూనివర్సిటీ ఆఫీసులో పడాలి. పడితే రసీదిస్తారు. ఆ రసీదు చూపిస్తేనే సోమవారం ఇంటర్వ్యూకి లోపలికి రానిస్తారు. పన్నెండేళ్ళుగా ఏడాదికోసారి అందరి గడ్డాలూ పట్టుకుని బతిమాలి రెన్యూవల్ తెచ్చుకుంటున్న గెస్టు లెక్చరర్ని నేను. ఆటల చరిత్రలో పర్మనెంటు పోస్టు ఒక్కటంటే ఒక్కటి పడింది. మళ్ళీ ఎప్పుడు పడుతుందో ఆ దేవుడికే తెలియాలి. అందుకని ఆ వారమంతా నాకు కాలు ఒకచోట నిలవలేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎందుకు లేచానో గుర్తుండేది కాదు. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికి నాన్న మీద అరిచాను, నువ్వే ఎక్కడో పెట్టావని.

నా పరిశోధన విసిరే ఆటల్లో ఆడవాళ్ళ మీద. జావెలిన్, డిస్కస్, షాట్‌పుట్. ముప్పై ఏళ్ళ పోటీల ఫలితాల షీట్లు క్రీడా సంఘం రికార్డు రూములో మూలుగుతుంటే నాలుగేళ్ళు అక్కడే కూర్చుని ఒక్కొక్క పేరూ రాసుకున్నాను. దుమ్ముకి తుమ్మి తుమ్మి ముక్కు ఊడొచ్చిందంటే నమ్మండి. మొత్తం రెండొందల అరవై మంది తేలారు. అందులో నూట ముప్పై ఒక్కమంది పేర్లు సరిగ్గా ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళకి, పెళ్ళి వయసులో, ఉన్నట్టుండి ఆగిపోతాయి. తర్వాత ఏ షీటులోనూ కనపడవు. చాప్టరుకి 'మాయమైనవాళ్ళు' అని పేరు పెట్టాను. మా గైడు చదివి, "ఈ ఒక్క అంకె చాలమ్మా, ఇంటర్వ్యూ బోర్డు నోరు మూయించడానికి" అన్నాడు.

ఆ చాప్టరు మా అమ్మతో మొదలవుతుంది. పట్టికలో ఎనభై ఎనిమిదో వరస. జావెలిన్. ఇరవై రెండేళ్ళ వయసులో చివరి షీటు. అదే ఏడాది మా నాన్నతో పెళ్ళి. ఆ పేరాలో ఒక వాక్యం ఉంది, రాసేటప్పుడు నేను రెండోసారి ఆలోచించలేదు: "ఆమె భర్త స్వయంగా మైదానంలో కొలతలు తీసే అధికారి అయి ఉండి కూడా, పెళ్ళి తర్వాత ఆమెను ఆ మైదానంలో అడుగు పెట్టనివ్వలేదు."

నాన్న సర్వేయరుగా చేసి రిటైరయ్యాడు. సెలవు రోజుల్లో పోటీలకి వెళ్ళి విసురుళ్ళు కొలిచేవాడు. జావెలిన్ మొన నేలకి తగిలిన చోట ఒకరు టేపు మొన పెడితే, గీత దగ్గర నాన్న చదివేవాడు, కింద సంతకం పెట్టేవాడు. అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. నాకు పదేళ్ళప్పుడు ట్రంకు పెట్టెలో అమ్మ పతకాలు చూసి, "ఎందుకు మానేశావమ్మా?" అని అడిగితే, "ఆ కాలం అయిపోయిందిలే" అని పెట్టె మూసేసింది. పక్కింటావిడ మాత్రం, "పెళ్ళయ్యాక ఎవరు ఆడనిస్తారే" అంది. ఇంకేముంది, వెళ్ళి నాన్న మీద పడ్డాను. "నువ్వే కదా అమ్మని మాన్పించింది!" ఆయన నావంక చూశాడు, అమ్మవంక చూశాడు, కండువా భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి ముప్పై ఏళ్ళుగా ఏ చిన్న గొడవొచ్చినా ఆ మాట నా నోట్లో రెడీగా ఉంటుంది.

నా రాతల్లో అచ్చుతప్పులు చూసే పని కూడా నాన్నదే. వాక్యం కింద స్టీలు స్కేలు పెట్టుకుని ఒక్కో పదం చదువుతాడు. ఆ పేజీ వచ్చినప్పుడు నేను గుమ్మంలో నిలబడి కావాలనే చూశాను. స్కేలు ఆ వాక్యం కింద ఆగింది. కాసేపు అలాగే ఉంది. తర్వాత ఒక కామా సరిచేసి పేజీ తిప్పేశాడు. చూశావా, నోరెత్తడు, ఏ మొహం పెట్టుకుని ఎత్తుతాడు అనుకున్నాను. గెలిచినట్టు అనిపించిందని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

బుధవారం పొద్దున మందుల షాపావిడ దగ్గరికి వెళ్ళాను. ఒకప్పుడు డిస్కస్ విసిరింది. మాయమైనవాళ్ళలో ఒకరు, పట్టికలో యాభై ఏడో వరస. పాత ఫొటో పట్టుకుని తిరిగి తిరిగి ఆవిణ్ణి దొరకపుచ్చుకున్నాను. చాప్టరు చివర్లో ఆవిడ నోటి మాట ఒకటి పెడితే అదిరిపోతుందని నా ఆశ. డెబ్బై ఏళ్ళు దాటినా భుజాలు అలాగే ఉన్నాయి, కౌంటరు ఆవిడకి ఇరుగ్గా ఉంది.

"పెళ్ళి కాగానే ఆట మానేసినప్పుడు మీకేమనిపించిందమ్మా?" అని అడిగాను.

మాత్రల అట్టని కత్తిరిస్తున్న కత్తెర ఆగింది. "ఎవరు మానేశారు?"

"మీరే."

"నేనెప్పుడు మానేశానమ్మాయ్, నాకే తెలీకుండా?" పకపకా నవ్వింది. "అసలు పెళ్ళయ్యాకే కదా నేను కప్పు కొట్టింది! వరసగా మూడేళ్ళు. మా ఆయన డిస్కస్ సంచీ సైకిలుకి తగిలించుకుని తెచ్చేవాడు. పాపం దారంతా తిట్టుకుంటూ వచ్చేవాడనుకో, అది వేరే సంగతి."

నా పట్టిక ఆవిడ ముందు పరిచాను. చూపించాను, ఇదిగో ఇక్కడ మీ పేరు ఆగిపోయిందని. కళ్ళజోడు పెట్టుకుని వేలితో వరసలు దిగుతూ వచ్చింది.

"ఇది నా పుట్టింటి పేరు. పెళ్ళయ్యాక అత్తింటి పేరు రాయించారు. అదెక్కడుందో చూద్దాం ఉండు... ఆఁ, ఇదిగో. ఇదీ నేనే."

ఆవిడ వేలు నూట నలభయ్యో వరస మీద ఉంది. ఆ వేలు పక్కకి జరిపి మళ్ళీ చదివాను.

ఎందుకంటే ఆ నూట నలభయ్యో వరస ఆవిడ లాంటివాళ్ళ మీద నేను వేరే ఒక చాప్టరు రాశాను! ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళకి, అంతకుముందు ఏ షీటులోనూ లేని ఆడవాళ్ళు ఎక్కడినుంచో ఊడిపడి ఏకంగా పతకాలు కొట్టేస్తుంటే, 'ఆలస్యంగా వచ్చినవాళ్ళు' అని వాళ్ళకొక పేరు పెట్టి, ఇరవై పేజీల సిద్ధాంతం అల్లాను. పొలం పనులు, నీళ్ళ బిందెలు, కండబలం అంటూ ఏవేవో రాశాను. ఒక కాన్ఫరెన్సులో చదివితే చప్పట్లు కూడా కొట్టారు.

"అయితే నన్ను రెండు ముక్కలు చేశావన్నమాట" అంది మందుల షాపావిడ. "పోన్లే, ఒక ముక్కకైనా కప్పొచ్చింది."

నాకు నవ్వు రాలేదు. నీళ్ళడిగి తాగి బయటపడ్డాను. షీట్లలో పేరు దగ్గర ఇంటిపేరు, పక్కన ఒక్క పొడి అక్షరం, అంతే ఉంటాయి. ఇంటిపేరు మారితే మనిషి మారినట్టే నాకు. ఆడవాళ్ళ చరిత్ర రాస్తున్నానని ఊరంతా చాటుకుని, పెళ్ళయితే ఆడదాని ఇంటిపేరు మారుతుందన్న ముక్క ఎలా మర్చిపోయానో! నా బుర్రకి ఏం తెగులు పట్టిందో!

రోడ్డు మీదనుంచే గైడుకి ఫోను చేశాను.

"ఒకరు తగ్గితే నూట ముప్పై. అంతే కదా? ఒక ఫుట్‌నోట్ పడెయ్" అన్నాడు.

"ఒకరు కాదు సార్. ఇంకా ఎంతమందో తెలీదు."

"తెలీదు కదా. శుక్రవారం దాకా అలాగే ఉండు. సోమవారం ఇంటర్వ్యూ అయ్యాక తీరిగ్గా తెలుసుకుందువుగాని. నీ మంచికే చెబుతున్నానమ్మా. పన్నెండేళ్ళు నీకోసం ఎంతమంది చేత మాటలు పడ్డానో నీకు తెలుసు."

తెలుసు. అబద్ధం కాదు. అందుకే ఆయన్ని ఒక్క మాట కూడా అనలేకపోయాను. బస్సెక్కి ఇంటికెళ్దామనుకున్నాను, రెండు స్టాపులు పోయాక దిగిపోయాను, వెనక్కి నడిచాను. చూసీ చూడనట్టు ఊరుకుంటే సోమవారం ఉద్యోగం. చూస్తే ఏమవుతుందో తెలీదు. చూడకుండా ఉండటం నావల్ల కాదని రికార్డు రూము తలుపు దగ్గర నిలబడ్డాకే తెలిసింది.

రికార్డు రూము స్టేడియం గ్యాలరీ మెట్ల కింద ఉంటుంది. పైన ఎవరు నడిచినా సున్నం రాలి కాగితాల మీద పడుతుంది. దాన్ని చూసుకునే ఆవిణ్ణి అందరూ తాళాల అక్క అంటారు. నడుముకి తాళాల గుత్తి, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక విసుగు. రిటైరవడానికి రెండేళ్ళుంది.

"మళ్ళీ వచ్చావా తల్లీ? నిన్ననే కదా ఇంక రానని చెప్పి దండం పెట్టి పోయావు?"

"అక్కా, పేరు మారినా మనిషిని గుర్తుపట్టాలంటే ఎలా?"

నేనేదో పిచ్చి ప్రశ్న వేసినట్టు చూసింది. "పుట్టుమచ్చలు చూడాలి. ఇంకెలా?"

అటక మీద నలభై అట్టపెట్టెలున్నాయి. పోటీకి ముందు డాక్టరు ప్రతి మనిషినీ చూసి రాసిన ఫిట్‌నెస్ కార్డులు. నాలుగేళ్ళలో వాటి జోలికే పోలేదు నేను. డాక్టర్ల కాగితాలు నాకెందుకనుకున్నాను. ప్రతి కార్డు మీదా ఎత్తు, ఏ చెయ్యి వాటం, కింద రెండు గుర్తింపు చిహ్నాలు. ఎడమ మోచేతి మీద పుట్టుమచ్చ. గడ్డం కింద కాలిన మచ్చ. కుడికాలి చిటికెన వేలు లేదు. అత్తింటికి పోయినా ఇవేం మారవు కదా.

ఆ రోజు సాయంత్రం దాకా, గురువారం పొద్దున్నుంచీ అదే పని. పుట్టింటి పేరు కార్డులు ఎడమవైపు, అత్తింటి పేరు కార్డులు కుడివైపు. మధ్యలో నేను, నేలమీద మోకాళ్ళ మీద. గడ్డం కింద కాలిన మచ్చ ఇటు దొరికిందా, అటు వెతుకు. అదిగో! అదే మచ్చ, అదే ఎత్తు, ఎడమచేతి వాటం. ఒక మనిషి దొరికింది. దొరికినప్పుడల్లా సంతోషం, వెంటనే దిగులు. ఒక్కో ఆడమనిషి మాయం కాలేదని తేలుతున్నకొద్దీ నా ఉద్యోగం మాయమవుతోంది. గురువారం మధ్యాహ్నం మూడింటికి లెక్క చూసుకుంటే నూట ముప్పై ఒక్కమందిలో ఎనభై ఒక్కమంది బతికి బయటపడ్డారు. మిగిలింది యాభై. అందులో అమ్మ ఒకరు.

అమ్మ కార్డు వెతకలేదు. అవసరం లేదనుకున్నాను. అమ్మ సంగతి నాకు తెలీదా?

తాళాల అక్క టీ తెచ్చి పక్కన కూర్చుంది. పైన తెరిచిపెట్టిన షీటు మీద సంతకం చూసి, "ఇది టేపు సారు సంతకం కదా! మీ నాన్నగారు! అమ్మో, ఆయనొస్తే మాకందరికీ దడే. అర సెంటీమీటరు కూడా వదిలేవాడు కాదు మనిషి" అంది.

"ఆడవాళ్ళ జావెలిన్ దగ్గర వదిలేశాడులెండి" అన్నాను. నా గొంతులో విషం నాకే వినపడింది. "ఇదిగో చూడండి. పెళ్ళయిన ఏడాది నుంచి నాలుగేళ్ళు ఈ షీట్ల మీద ఆయన సంతకం లేదు. పెళ్ళాన్ని మాన్పించి తనూ అటు పక్కకి రావడం మానేశాడు." ఆ సంగతి చాప్టరులో సాక్ష్యంగా కూడా పెట్టాను, షీటు నంబర్లతో సహా.

ఆవిడ షీట్లు తిరగేసింది. "అదేంటి, అదే రోజు డిస్కస్ షీటు మీద ఉందిగా సంతకం? షాట్‌పుట్ మీదా ఉంది. మనిషి మైదానంలోనే ఉన్నాడు."

"మరి?"

"మరేముంది, రూలు. సొంతవాళ్ళు పోటీలో ఉంటే టేపు ముట్టుకోకూడదు. ఇంకొకరికి ఇచ్చి పక్కన నిలబడాలి. ఇన్నేళ్ళు ఈ షీట్లు చదివావు, ఆ మాత్రం తెలీదా?"

టీ గ్లాసు కింద పెట్టాను. పెట్టానో పడేశానో.

ఆ నాలుగేళ్ళ జావెలిన్ షీట్లలో మా ఇంటిపేరుతో ఒక మనిషి ఉంది. నాకు ముందునుంచీ తెలుసు. మా మేనత్త అనుకున్నాను. అమ్మ పేరూ అత్త పేరూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. మా ఇంట్లో ఆడవాళ్ళు జావెలిన్ విసిరేవాళ్ళని చిన్నప్పుడు చుట్టాలంటుంటే విన్నాను. అమ్మ మానేసింది కాబట్టి ఇంకెవరు, అత్తే! అంత సులువుగా తేల్చేశాను. వెంటనే అత్తకి ఫోను చేశాను.

"అత్తా, నువ్వెప్పుడైనా జావెలిన్ విసిరావా?"

"నేనా? నేను విసిరింది చీపురుకట్టే. అదీ మీ మామయ్య మీద. ఏం, ఎందుకే?"

పెట్టేశాను. మా ఇంటిపేరున్న పెట్టె తెరిచాను. నాలుగేళ్ళవి నాలుగు కార్డులు. కుడి మణికట్టు లోపల పుట్టుమచ్చ. ఎడమ కనుబొమ్మ మీద కుట్ల గుర్తు. ఆ మణికట్టు పట్టుకుని రోడ్డు దాటాను నేను. ఆ కనుబొమ్మ మీద ఆఖరి రోజుల్లో తడిగుడ్డ వేశాను. పెళ్ళయ్యాక నాలుగేళ్ళు మా అమ్మ విసురుతూనే ఉంది. నాన్న టేపు ఇంకొకరికి ఇచ్చి పక్కన నిలబడి చూస్తూనే ఉన్నాడు.

ఐదో కార్డు ఒకటి వెనకాల అంటుకుని ఉంది. దానిమీద ఎత్తూ బరువూ రాసి, కింద ఎర్రసిరాతో డాక్టరు రాశాడు: "ఈ పోటీకి అనర్హురాలు. మూడో నెల గర్భం."

తేదీ చూశాను. అక్కర్లేకపోయినా వేళ్ళమీద లెక్కపెట్టాను. నేనే. ప్రపంచంలో నా గురించి ఎవరైనా రాసిన మొదటి మాట అదే అయ్యుంటుంది.

తాళాల అక్క ఏమీ అడక్కుండా వచ్చి నా నెత్తిమీద రాలిన సున్నం దులిపి, "ఇంటికెళ్ళు తల్లీ" అంది. అమ్మ కార్డులు నకలు తీయించుకుని బయల్దేరాను. బస్సులో కూర్చోలేకపోయాను. సీటు ఖాళీగా ఉన్నా డ్రైవరు వెనక నిలబడే వచ్చాను, అలా నిలబడితే బండి త్వరగా పోతుందన్నట్టు.

నాన్న వంటింట్లో బంగాళాదుంపలు తరుగుతున్నాడు. ముక్కలన్నీ ఒకే కొలత, ఎప్పటిలాగే. నకళ్ళు పళ్ళెం పక్కన పెట్టాను. చెయ్యి తుడుచుకుని చూశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదోదాని మీద ఎక్కువసేపు ఆగాడు.

"దొరికాయన్నమాట" అన్నాడు.

"నీకు తెలుసు."

"తెలీకేం. పక్కనే ఉన్నాగా."

"ముప్పై ఏళ్ళు! ముప్పై ఏళ్ళ నుంచి నిన్ను నానా మాటలూ అంటుంటే బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నావే? మొన్న ఆ పేజీ చదివి కామా దిద్దావు నాన్నా! కామా! ఇది అబద్ధమే అని ఒక్క మాట అనలేకపోయావా?" అరుస్తున్నాను, ఏడుస్తున్నాను. నా మీద నాకున్న కోపం కూడా ఆయన మీదే పోస్తున్నానని తెలుస్తూనే ఉంది.

"నువ్వు అడిగావా?" అన్నాడు నెమ్మదిగా. "ఊరంతా తిరిగి అందరినీ అడిగావు. నన్ను ఏనాడన్నా అడిగావా? మాన్పించావు అన్నావు. మాన్పించావా అనలేదు."

నకళ్ళు మళ్ళీ ఒక దొంతిగా సర్దాను.

"మొదటిసారి అన్నప్పుడు చెప్పబోయాను. మీ అమ్మ కళ్ళతోనే వద్దంది. తర్వాత అడిగితే, చెబితే తనవల్లే నేను మానేశానని పిల్ల మనసులో పెట్టుకుంటుందండీ, మీరైతే ఎన్ని తిట్టినా తట్టుకుంటారు అంది. సరే అన్నాను. ఇంక అంతే."

కుర్చీ లాక్కుని కూలబడ్డాను. "అయితే నావల్లే కదా. రాసుందిగా ఎర్రసిరాతో."

"అది ఆ ఒక్క పోటీకి." కత్తి పక్కన పెట్టాడు. "నీకు పదో నెల రాగానే మళ్ళీ మైదానానికి వచ్చింది మీ అమ్మ. నువ్వు గొడుగు కింద పడుకునేదానివి. పోటీ కాదు కాబట్టి టేపు నేనే పట్టాను. అంతకుముందు నలభై రెండు మీటర్లు అలవోకగా దాటేది. ఇప్పుడు ముప్పై ఎనిమిది. ఏడు నెలలు కష్టపడింది, వారానికి ఆరు రోజులు. సెలెక్షనుకి నలభై ఉండాలి. ఆఖరి ఆదివారం విసిరింది. మంచి విసురు. నేను కూడా వచ్చేసిందనుకున్నాను. పరిగెత్తుకుంటూ వచ్చి టేపు దగ్గర నిలబడింది. ఎంత అంది."

"ఎంత?"

"ముప్పై తొమ్మిది మీటర్ల పద్నాలుగు సెంటీమీటర్లు. మళ్ళీ చూడండి అంది. చూశాను. అదే." బంగాళాదుంప ముక్కలు అటూ ఇటూ కదిపాడు. "ఆ మొహం చూసి నలభై అందామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. ఎవడొచ్చి చూస్తాడు, ప్రాక్టీసేగా. అన్నానంటే ఆ ఊపులో సెలెక్షనుకి వెళ్ళేది. అక్కడ నిజంగానే నలభై దాటేదేమో. ఎవరు చెప్పొచ్చారు?"

"అనలేదు నువ్వు."

"టేపు మీద లేనిది ఎలా అంటానే?" విసుక్కున్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు. మళ్ళీ తనే అన్నాడు. "అందుకే నువ్వు మాన్పించావు, మాన్పించావు అంటుంటే, అది పూర్తిగా తప్పని నాకూ ఎప్పుడూ అనిపించలేదు."

లేచి వెళ్ళి ఆయన భుజం మీద తల పెట్టాను. ఎప్పుడో చిన్నప్పుడు పెట్టి ఉంటాను. చెయ్యి ఎక్కడ పెట్టాలో ఆయనకీ తెలీలేదు, బంగాళాదుంప చేతుల్తోనే నా వీపు మీద తట్టాడు. "క్షమించు నాన్నా" అన్నాను. "సర్లే" అన్నాడు.

తర్వాత, "ఆ పేజీ అలాగే ఉండనీ" అన్నాడు. "రేపటికి ఇంకేం రాస్తావు? ఉద్యోగం ముఖ్యం. రిటైరైనవాడి పరువు ఎవడిక్కావాలి? చదివినవాళ్ళు నన్ను గుర్తుపడతారా, పెడతారా."

"నువ్వు అనగలిగావా నలభై?"

ఆయన కత్తి అందుకుని మళ్ళీ తరగడం మొదలెట్టాడు. నేను గదిలోకి వెళ్ళి గైడుకి మెయిలు రాశాను. మాయమైనవాళ్ళు నూట ముప్పై ఒక్కమంది కాదు, నలభై తొమ్మిది. 'ఆలస్యంగా వచ్చినవాళ్ళు' దాదాపు లేరు. రెండు చాప్టర్లూ వెనక్కి తీసుకుంటున్నాను. పంపేశాను. ఐదు నిమిషాల్లో ఫోను మోగింది. "నీ నెత్తిన నువ్వే నిప్పులు పోసుకున్నావు, ఇంక నేనేం చెయ్యలేను" అని పెట్టేశాడు. ఆయన గొంతులో కోపం కంటే బాధే ఎక్కువుంది. చాప్టరు లేదు, రసీదు లేదు, పోస్టు పోయింది. లేచి గదిలో అటూ ఇటూ తిరిగి, మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చుని అమ్మవి రెండు వరసలూ కలిపి ఒకటి చేశాను.

నాన్న చేతులు కడుక్కుని వచ్చి వెనక నిలబడ్డాడు. తెర మీదికి వంగి, చివరి గడి మీద వేలు పెట్టాడు. పైన 'ఆట మానడానికి కారణం' అని ఉంటుంది అక్కడ.

"ఇదేంటి ఖాళీగా ఉంది?"

"పెళ్ళి అని ఉండేది. తీసేశాను. ఇప్పుడేం రాయాలో తెలీట్లేదు. కాన్పు అని రాయనా?"

"కాన్పయ్యాక ఏడు నెలలు విసిరిందని చెప్పానా లేదా?" కసిరాడు. "మిగతావాళ్ళకి ఏం రాశావు?"

పైకి జరిపి చూపించాను. పెళ్ళి. పెళ్ళి. కాన్పు. భర్తకి బదిలీ. పెళ్ళి. అత్తింటివాళ్ళు వద్దన్నారు. కాన్పు. పెళ్ళి. ఆయన ఓపిగ్గా చివరిదాకా చదివాడు.

"మగవాళ్ళ మీద రాసినవాళ్ళు ఈ గడిలో ఏం రాస్తారు?"

"వాళ్ళకా? గాయం అనీ, వయసు మీద పడిందనీ, మునుపటి ఆట లేదనీ రాస్తారు."

"మరి ఆమెకీ అదే రాయి. దూరం తగ్గింది. రెండుసార్లు కొలిపించుకుని, టేపు తన కళ్ళతో తను చూసుకుని, జావెలిన్ తీసుకెళ్ళి స్టోర్సులో తనే అప్పజెప్పి వచ్చింది. ఎవరూ మాన్పించలేదు. నువ్వూ కాదు, నేనూ కాదేమో. ఆడే మనిషి ఆమె. ఆమెకి తెలీదా?"

టైపు చేశాను. దూరం తగ్గింది. పట్టిక మొత్తం మీద అలాంటి కారణం ఉన్న వరస అదొక్కటే. మిగతా గళ్ళన్నీ నేను నింపినవే, పేరు ఆగిన వయసు చూసీ, వాళ్ళూ వీళ్ళూ చెప్పింది వినీ. చివర్లో ఎంత దూరం విసిరేవారని నేను ఒక్కరంటే ఒక్కరినీ అడగలేదు.